ఇంటికి పంపిస్తారట, సూదులు మాత్రం ఆపొద్దట!

రెండు సంచికల కిందట షుగర్ పుండ్ల గురించి రాస్తూ, కొందరికి నరానికి ఎక్కించే యాంటీబయాటిక్ ఇంటి దగ్గరే ఇవ్వొచ్చు అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఆ ఒక్క ముక్కకే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొన్ని భయంతో రాసినవి, కొన్ని కోపంతో రాసినవి, ఒకరైతే నన్ను దులిపేశారు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. పేర్లు తీసేసి ఊళ్ళు ఉంచాను, మరీ పొడుగు ఉత్తరాలను కుదించాను.

నల్లగొండ నుంచి ఒక కొడుకు: మేడమ్, మా నాయనకు 62 ఏండ్లు. ఇరవై ఏండ్ల నుంచి షుగర్. కాలి వేలికి పుండు పడి ఎముక దాకా పోయింది. పట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో వేలు తీసేశారు. 12 రోజులు ఉన్నాం. ఇప్పుడేమో ఇంటికి పోండి, ఇంకో నాలుగు వారాలు రోజూ నరానికి ఒక సూది పడాలి, నర్సును మాట్లాడుకోండి అంటున్నారు. బాగైతే సూదులెందుకు, బాగు కాకపోతే ఇంటికెందుకు? మమ్మల్ని వదిలించుకుంటున్నారా?

జవాబు: మనిషి కుదుటపడటం వేరు, ఎముకలో దాక్కున్న క్రిమి చావడం వేరు తమ్ముడూ. మొదటిది వారం పది రోజుల్లో అయిపోతుంది. జ్వరం తగ్గుతుంది, చీము ఆగుతుంది, అన్నం తింటాడు, షుగర్ దారికొస్తుంది. రెండోదానికి వారాలు పడుతుంది, ఎందుకంటే ఎముకకు రక్తం అందేదే తక్కువ, షుగర్ ఉన్న కాలిలో ఇంకా తక్కువ, రక్తం చేరని చోటికి మందూ చేరదు. ఆ వారాల్లో మీ నాయనకు ఆస్పత్రితో ఉండే పని రోజుకు అరగంటే. మిగతా ఇరవై మూడున్నర గంటలు ఆ మంచం మీదే ఉంటే పక్క మంచాల మొండి క్రిములు అంటుకోవచ్చు, నడక లేక కాళ్ళు చచ్చుబడొచ్చు, కింద క్యాంటీన్‌లో తిని వరండాలో పడుకునే మీ పని ఎట్లాగూ చెడుతుంది. ఇదేమీ నిన్నమొన్న పుట్టిన పద్ధతి కాదు. ఊపిరితిత్తుల జబ్బున్న పిల్లలకు ఇంటి దగ్గర నరం సూదులు ఇచ్చిన అనుభవాన్ని 1974లోనే అమెరికా డాక్టర్లు రాసి పెట్టారు. చాలా దేశాల్లో ఇప్పుడిది మామూలు విషయం.

అయితే మీ అనుమానం ఉత్తదే అని నేననను. ఆ దేశాల్లో ఇంటికి పంపడమంటే వెనుక ఒక డాక్టరు, ఒక నర్సు, మందుల లెక్క చూసే ఒక మనిషి ఉంటారు, వారానికోసారి రక్త పరీక్షలు చూస్తారు, అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తుతారు. మన దగ్గర చాలాసార్లు సెలైన్ స్టాండు ఒక్కటే ఇంటికొస్తుంది, ఆస్పత్రి రాదు. 'యాంటీబయాటిక్ కంటిన్యూ చేయండి' అని ఒక్క లైను రాసిన డిశ్చార్జ్ కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు. ఎన్నాళ్ళు కంటిన్యూ చేయాలో అందులో ఉండదు.

కాబట్టి మంచం దిగే ముందే మీరు అడిగి రాయించుకోండి. కల్చర్‌లో (ల్యాబులో క్రిమిని పెంచి గుర్తించే పరీక్షలో) ఏ క్రిమి వచ్చింది, దానికి ఏ మందు, ఎన్ని గ్రాములు, ఎంత సెలైన్‌లో కలిపి ఎన్ని నిమిషాల్లో ఎక్కించాలి, ఆఖరి డోసు ఏ తారీఖు, ఏ రోజు రక్తం ఇవ్వాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి, రాత్రి రెండింటికి ఏదైనా అయితే ఎవరి నంబరుకు చేయాలి. ఈ చివరి ప్రశ్నకు వాళ్ళు నీళ్ళు నమిలితే మీ అనుమానం నిజమన్నట్టే, డిశ్చార్జ్ కాకండి. ఇంకొకటి, మందు మొదటి డోసు ఆస్పత్రిలోనే పడాలి, ఇంట్లో కాదు. పన్నెండు రోజులూ అదే మందు పడి ఉంటే సరే. ఇంటికి పోయేటప్పుడు రోజుకోసారి సరిపోతుందని కొత్త మందుకు మార్చి ఉంటే, ఆ కొత్తది ఒక్కసారైనా అక్కడ వేయించుకుని, కాసేపు కూర్చుని, ఏమీ కాలేదని చూసుకుని బయల్దేరండి.

ఇక అన్నిటికన్నా ముందు అడగాల్సిన రెండు మాటలు. వేలు తీసేశారు కదా, చెడిన ఎముక పూర్తిగా పోయిందా, కొంచెం మిగిలిందా? పూర్తిగా పోయి చుట్టూ కండ శుభ్రంగా ఉంటే నాలుగు వారాల అవసరమే ఉండకపోవచ్చు, కొద్ది రోజులతో ముగుస్తుంది. చెడిన ఎముకను తీయకుండా మందుతోనే నయం చేయాలంటే మామూలుగా 6 వారాల లెక్క. రెండో మాట, మాత్రలతో కుదరదా? బ్రిటన్‌లో 26 ఆస్పత్రుల్లో 1,054 మంది ఎముకలు, కీళ్ళ ఇన్ఫెక్షన్ రోగులను రెండుగా విడదీసి, మొదటి ఆరు వారాలు సగం మందికి నరానికి, సగం మందికి మాత్రలు ఇచ్చి ఏడాది తర్వాత చూశారు. 2019లో ఫలితం వచ్చింది. సూదుల వాళ్ళలో 14.6 శాతం మందికి, మాత్రల వాళ్ళలో 13.2 శాతం మందికి జబ్బు లొంగలేదు. అంటే మాత్రలేమీ తీసిపోలేదు. అలాగని మెడికల్ షాపులో ఏదో ఒక మాత్ర కొనుక్కోమని కాదు, అక్కడ ఏ మాత్రో తేల్చింది ఇన్ఫెక్షన్ల స్పెషలిస్టులు, కల్చర్ చూసి. కానీ అడిగే హక్కు మీకుంది. మన వాళ్ళకు సూది అంటే పెద్ద మందు, మాత్ర అంటే చిన్న మందు అని ఒక నమ్మకం. డాక్టర్లలోనూ ఉందది, నాకూ ఉండేది.

మిర్యాలగూడ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: మా అమ్మమ్మకు ఇంట్లో సెలైన్ పెడుతున్నారు. పైపులో గాలి బుడగ కనిపించగానే అందరం కేకలు వేస్తున్నాం. బుడగ గుండెకు పోతే మనిషి పోతాడట కదా?

జవాబు: పైపులో ఆవగింజంత బుడగలు రెండు మూడు పోయినా ఏమీ కాదు, ఊపిరితిత్తుల్లో కలిసిపోతాయి. ప్రమాదం ఖాళీ పైపంతా గాలి పోతేనే, అందుకే పెట్టేముందు మందు పైపు చివరిదాకా వచ్చేలా వదులుతారు. బాటిల్ అయిపోయాక పైపులోకి రక్తం వెనక్కి రావడం చూసి కూడా జనం భయపడతారు. పైపు మీది చక్రం తిప్పి ఆపి నర్సును పిలవండి, చాలు. రక్తం గడ్డకట్టి కాన్యులా (నరానికి గుచ్చి ఉంచే సన్నని గొట్టం) మూసుకుపోతుందన్నదొక్కటే అక్కడ బాధ. బుడగల టెన్షన్ తగ్గించుకుని, అమ్మమ్మ చెయ్యి వాచిందేమో రోజూ చూడు, అది అసలు పని.

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి ఒక కోడలు: మా అత్తమ్మకు 70 దాటాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని కల్చర్ చేస్తే మెరోపెనెమ్ తప్ప ఏదీ పనిచేయదని వచ్చింది. 8 గంటలకోసారి చొప్పున పది రోజులు అని రాశారు. మా ఊళ్ళో సూది వేసే ఆయన రోజుకు మూడుసార్లు నేను రాలేను, పొద్దుగూకాక వచ్చి ఒకటి వేసిపోతా, అదే సరిపోతుంది అంటున్నాడు. సరిపోతుందా మేడమ్?

జవాబు: సరిపోదమ్మా. యాంటీబయాటిక్స్ అన్నీ ఒక్క తీరుగా పనిచేయవు. మెరోపెనెమ్ జాతి మందు నారుమడికి పెట్టే తడి లాంటిది, ఎప్పుడూ ఉండాలి. ఒకరోజు మడి నిండా పెట్టి రెండు రోజులు ఎండబెడితే నారు ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? కిడ్నీలు బాగున్న మనిషిలో ఇది గంటకే సగమైపోతుంది, ఆరేడు గంటలకు దాదాపు ఏమీ మిగలదు. రోజుకొక్కటి వేస్తే రోజులో ఎక్కువ భాగం క్రిమికి సెలవే, పైగా ఆ మందును తట్టుకోవడం నేర్చుకుంటుంది. మెరోపెనెమ్‌కు కూడా లొంగని క్రిమి తయారైతే తర్వాత ఇచ్చేందుకు మా చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. (కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకు మాత్రం డోసులు తగ్గించి రాస్తారు. అది డాక్టరు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూసి వేసే లెక్క, సూది వేసే ఆయన తీరికను బట్టి వేసేది కాదు.)

దారులు లేకపోలేదు. అదే కుటుంబంలో ఎర్టాపెనెమ్ అనే మందు ఉంది, రోజుకు ఒక్కసారే. మూత్రంలో ఎక్కువగా వచ్చే ఈ-కోలై, క్లెబ్సియెల్లా లాంటి వాటి మీద పనిచేస్తుంది, సూడోమోనాస్ అనే క్రిమి మీద మాత్రం పనిచేయదు. అమికాసిన్ అని ఇంకొకటి, అది ఒకేసారి పెద్ద డోసు పడితేనే బాగా పనిచేసే రకం, కాకపోతే కిడ్నీలకు, చెవులకు హాని చేయగలదు, డెబ్బై దాటిన మనిషికి చూసుకుని ఇవ్వాలి. రాసిన డాక్టరుకే ఫోన్ చేసి 'మా ఊళ్ళో మూడుసార్లు కుదరదు, రోజుకోసారి ఇచ్చేది ఏదైనా ఉందా' అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఊళ్ళో కుదరదన్న సంగతి ఆయనకు తెలియదు, చాలామంది చెప్పరు, మొహమాటం. ఇంటికి పోయి సగం సూదులు ఎగ్గొట్టేకన్నా ఇది నయం కదా.

ఇంకో మాట. మీ ఉత్తరంలో అత్తమ్మకు జ్వరం ఉందని గానీ, మూత్రంలో మంట, నడుము పక్కన నొప్పి ఉన్నాయని గానీ ఎక్కడా లేదు. మోకాలి ఆపరేషన్ కోసమో, ఊరికే చెకప్‌లోనో చేసిన పరీక్షలో క్రిమి బయటపడిందా? వయసు మీద పడిన ఆడవాళ్ళలో ఏ బాధా లేకుండానే మూత్రంలో క్రిములు ఉండటం మామూలే, చాలామందికి దానికి మందే అక్కర్లేదు, సూది అసలే వద్దు. రిపోర్టుకు కాదు వైద్యం, మనిషికి. జ్వరం, చలి ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు, ఆ మూడు డోసులు పడేలా మొదటి కొన్ని రోజులు ఆస్పత్రిలోనే ఉంచండి.

కల్వకుర్తి వైపు నుంచి ఒక ఆర్‌ఎంపీ: మీ డాక్టర్లంతా ఏసీ గదుల్లో కూర్చుని మమ్మల్ని తిడతారు. పట్నం నుంచి డిశ్చార్జ్ అయి వచ్చినోళ్ళు వయల్స్ సంచిలో వేసుకుని నా గడప తొక్కుతారు. నేను కాదంటే వాళ్ళకు దిక్కెవరు? మీరు వచ్చి వేస్తారా?

జవాబు: నేను రాను, రాలేను. మీరన్నదాంట్లో ఆ మాత్రం నిజం ఉంది, ఒప్పుకుంటున్నాను. మీ ఊళ్ళో రాత్రి పదింటికి తలుపు తీసేది మీరొక్కరే అయ్యుండొచ్చు. కానీ చట్టం ప్రకారం వైద్యం చేసే, మందు రాసే అర్హత మీకు లేదు, ఈ సూది వేయాల్సింది రిజిస్టరైన నర్సు. దాన్ని మెత్తగా చెప్పే దారి నాకు తెలియదు. వచ్చినవాళ్ళను ముందు దగ్గరి ప్రైమరీ హెల్త్ సెంటర్‌కు పంపండి, అక్కడ స్టాఫ్ నర్సు ఉంటుంది, చీటీ చూపిస్తే చాలాచోట్ల వేస్తారు.

ఇంత చెప్పినా మీ దగ్గర సూదులు పడుతూనే ఉంటాయని నాకు తెలుసు, అందుకే నేను కళ్ళారా చూసిన ప్రమాదాలు చెప్తాను. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌తో పాటు డబ్బాలో కొన్నిసార్లు లిగ్నోకెయిన్ కలిపిన నీళ్ళు వస్తాయి. అవి కండకు వేసేటప్పుడు నొప్పి తెలియకుండా ఉండటానికి, వాటితో కలిపింది నరానికి పోతే గుండె లయ తప్పొచ్చు. అదే మందును ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ అనే సెలైన్) బాటిల్‌లో కలపకూడదు, అందులోని కాల్షియంతో కలిసి పొడిలా పేరుకుంటుంది, నార్మల్ సెలైన్‌లో కలపాలి. వాంకోమైసిన్ గబగబా ఎక్కిస్తే ఒళ్ళంతా ఎర్రబడి దురద పెట్టి బీపీ పడిపోతుంది, దానికి కనీసం గంట సమయం ఇవ్వాలి. ఒకే బాటిల్‌లో రెండు మందులు, పైన బలానికని ఒక విటమిన్ సూది, ఈ వంటకం అసలు వద్దు.

టెస్ట్ డోసు వేశాం, ఏమీ కాలేదు, ఇక భయం లేదు అంటారు. చర్మం మీద పొంగు రానంత మాత్రాన అలర్జీ రాదని కాదు. మందు పడుతుండగా దద్దుర్లు లేచి, గొంతు బిగిసి, ఆయాసం వచ్చి, మనిషి కళ్ళు తేలేస్తే అప్పుడు ప్రాణం నిలిపేది అలర్జీకి మామూలుగా వేసే ఏవిల్, డెక్సా సూదులు కాదు. అడ్రినలిన్. పెద్దవాళ్ళకు అర మిల్లీలీటరు, తొడ బయటి వైపు కండకు, వెంటనే. మందు ఆపి, పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తి పెట్టి, 108కి ఫోన్. ఆ ఆంప్యూల్ ఖరీదు చాలా తక్కువ. అది లేని గదిలో, దాన్ని వాడటం తెలియని చేతుల్లో నరం సూది పడకూడదు.

ఇక జ్వరం అని వచ్చినవాళ్ళకు మీ అంతట మీరు వయల్ కొట్టడం వేరే సంగతి. అది ఆస్పత్రి రాసిన వైద్యాన్ని కొనసాగించడం కాదు. దాని కథ కింది ఉత్తరంలో ఉంది, మీరూ చదవండి.

మక్తల్ వైపు నుంచి ఒక బిడ్డ: మా బాపు గొర్లు కాస్తడు. రెండు నెలల నుంచి సాయంత్రం జ్వరం, చెమటలు, నడుం నొప్పి. టైఫాయిడ్ అని మూడుసార్లు ఐదేసి రోజులు ఇంట్లోనే నరం సూదులు వేసినారు. వేసినప్పుడు కొంచెం తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. నాలుగోసారి వేయించాలా?

జవాబు: వద్దమ్మా. మూడుసార్లు టైఫాయిడ్ రావడం కన్నా, మూడుసార్లూ అది టైఫాయిడ్ కాకపోవడానికే అవకాశం ఎక్కువ. విడాల్ పరీక్ష ఒక్కటి చూసి టైఫాయిడ్ అంటారు మన దగ్గర. ఎప్పుడో వచ్చిపోయిన దానికీ అది పాజిటివ్ చూపిస్తుంది. టైఫాయిడ్ తేల్చేది బ్లడ్ కల్చర్, అదీ మొదటి సూదికి ముందు తీస్తే మేలు. సూది పడ్డాక తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు, రోగం మాత్రం లోపలే ఉంటుంది.

డాక్టరు దగ్గరికి పోగానే మొట్టమొదట చెప్పాల్సిన మాట, గొర్లు కాస్తాడని. ఈనేటప్పుడు పిల్లను చేత్తో లాగుతాడా, మాయ తీస్తాడా, పచ్చిపాలు తాగుతాడా, మందలో చూలు గొర్లు ఈసుకుపోయాయా, ఇవన్నీ చెప్పండి. బ్రూసెల్లోసిస్ అనే జబ్బు సరిగ్గా ఇలాగే ఉంటుంది, వచ్చిపోయే జ్వరం, చెమట, నడుం నొప్పి. టీబీ వెన్నుపూసకు వచ్చినా ఇలాగే ఉంటుంది. రెంటికీ మీ బాపుకు పడ్డ సూదులు మందు కావు. బ్రూసెల్లా అని తేలితే డాక్సీసైక్లిన్ మాత్రలు ఆరు వారాలు, దాంతోపాటు మొదట్లో ఒకటి రెండు వారాలు జెంటామైసిన్ గానీ, రెండు మూడు వారాలు స్ట్రెప్టోమైసిన్ గానీ. అవి కండకు కూడా వేసే సూదులు, స్టాండు, సెలైన్ అక్కర్లేదు, హెల్త్ సెంటర్‌లో వేయించుకుని నడిచి ఇంటికి రావచ్చు. వెన్నుపూసకు పాకి ఉంటే ఇంకా ఎక్కువ కాలం. ఉత్తరం చూసి నేను జబ్బు తేల్చడం లేదు, మహబూబ్‌నగర్ జనరల్ ఆస్పత్రికి తీసుకుపోయి కల్చర్, బ్రూసెల్లా పరీక్ష, వెన్ను ఎక్స్‌రే, టీబీ పరీక్ష అడగమంటున్నాను. కాళ్ళలో బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా ఆ రోజే పోవాలి.

మర్రిగూడ, మునుగోడు వైపు పాఠకులకు కూడా ఇది చెప్పాలి. అక్కడ నడుం నొప్పి అనగానే నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్లే అని వదిలేయడం అలవాటైంది. ఫ్లోరైడ్ వంచిన నడుముకు జ్వరం రాదు. జ్వరం ఉంటే వేరే ఏదో ఉన్నట్టే.

జడ్చర్ల నుంచి ఒక గృహిణి: మా ఆయనకు పెట్టిన కాన్యులా దగ్గర ఎర్రగా అయి వాచింది. ఇంకా నాలుగు డోసులున్నాయి. మళ్ళీ గుచ్చితే నొప్పి అని, కాపడం పెట్టి దాంట్లోనే వేయించొచ్చా?

జవాబు: వేయించొద్దు. మందు నరంలోకి కాకుండా చుట్టూ కండలోకి పోతోంది, లేదా నరమే వాచింది. అది తీసేయించి ఇంకో చేతికి పెట్టించండి. నరం తాడులా గట్టిపడ్డా, చీము కనిపించినా, చెయ్యి మీద ఎర్రగీత పైకి పాకుతున్నా డాక్టరుకు చూపించాలి. మామూలు కాన్యులా మూడు నాలుగు రోజులు ఆగితే గొప్ప. వారం రెండు వారాల వైద్యానికి మిడ్‌లైన్, అంతకన్నా పొడుగు వైద్యానికి పిక్ లైన్ అని మోచేతి పైనుంచి లోపలికి పోయే సన్నని గొట్టం పెడతారు. రోజూ గుచ్చే బాధ తప్పుతుంది. కానీ పిక్ లైన్ గొట్టం గుండె దగ్గరి పెద్ద నరం దాకా ఉంటుంది కాబట్టి అక్కడ మురికి చేరితే నేరుగా రక్తంలోకే. పిక్ లైన్‌లో మందు గానీ సెలైన్ గానీ ఎక్కించగానే చలి పుట్టి వణుకు వచ్చిందంటే ఆ లైనే చెడిందని అనుమానించి ఆ రోజే ఆస్పత్రికి పోవాలి, పారాసెటమాల్ వేసి చూద్దామనుకోవద్దు. కిడ్నీలు దెబ్బతిని ఎప్పటికైనా డయాలసిస్ పడొచ్చు అన్నవాళ్ళు పిక్ లైన్‌కు ఒప్పుకునే ముందు కిడ్నీ డాక్టరును అడగాలి, రేపు ఫిస్టులాకు (డయాలసిస్ కోసం చేతి రక్తనాళాలను కలిపి చేసే దారికి) ఆ నరాలే కావాలి.

హుజూర్‌నగర్ నుంచి ఒక టీచర్: మందు కలిపితే పచ్చగా వచ్చింది. పాడైందా? ఎండాకాలం కరెంటు పోతే ఎట్లా? వాడిన సూదులు చెత్త బండిలో వేస్తే తీసుకోవడం లేదు.

జవాబు: సెఫ్ట్రియాక్సోన్ కలిపితే లేత పసుపుగా ఉండటం సహజం. తేటగా ఉండాలి, అంతే. మబ్బుగా ఉన్నా, నలకలు తేలినా పారేయండి. పొడి వయల్స్‌కు ఫ్రిజ్ అక్కర్లేదు కానీ వెలుతురు తగలని చల్లని చోటు కావాలి, మన దగ్గర మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, రేకుల గదిలో అల్మారా మీద పెడితే అవి కొలిమిలో ఉన్నట్టే. కింది గదిలో, నీళ్ళ కుండ పక్కన మేలు. కలిపిన మందును కలిపిన వెంటనే వాడాలి, సగం మిగిలింది పొద్దున్నకు పనికొస్తుందని దాచొద్దు.

సూదుల్ని చెత్త బండివాళ్ళు తీసుకోకపోవడం వాళ్ళ తప్పు కాదు. సంచిలో చెయ్యి పెట్టేది ఆ అమ్మలే, గుచ్చుకుంటే హెపటైటిస్ వాళ్ళకు రావచ్చు. గట్టి ప్లాస్టిక్ డబ్బా ఒకటి, మూత బిగించేది, అందులో సూదికి మళ్ళీ టోపీ పెట్టే ప్రయత్నం చేయకుండా వేసి, ముప్పావు నిండాక మందు రాసిన ఆస్పత్రికే ఇచ్చేయండి. 2016 నిబంధనల ప్రకారం ఆస్పత్రుల్లో సూదులకు గుచ్చుకోని తెల్ల డబ్బా ఉండి తీరాలి, అందులో మీవీ పడతాయి. ఇంటికి పంపేటప్పుడే ఈ మాట కూడా అడిగి పెట్టుకోవాలి.

నాగర్‌కర్నూల్ నుంచి ఒక ఉద్యోగి: ఇంట్లో సూదులకు ఇన్సూరెన్స్ వస్తుందా?

జవాబు: పాలసీల్లో డొమిసిలియరీ హాస్పిటలైజేషన్ అని ఒక మాట ఉంటుంది, చూసి సంబరపడకండి. రోగిని కదిలించలేని స్థితి గానీ, ఆస్పత్రిలో మంచం దొరకని స్థితి గానీ ఉండి ఇంట్లో మూడు రోజులు దాటి వైద్యం జరిగితేనే అది. డిశ్చార్జ్ అయి నడిచి వచ్చినవాళ్ళకు సాధారణంగా పనికొచ్చేది పోస్ట్ హాస్పిటలైజేషన్ ఖర్చు, చాలా పాలసీల్లో డిశ్చార్జ్ తర్వాత 60 లేదా 90 రోజుల దాకా అదే జబ్బుకు మందులు, పరీక్షల బిల్లులు ఇస్తారు. నర్సు ఫీజు ఇస్తారో లేదో పాలసీ చూడాలి. చీటీ, జీఎస్టీ బిల్లు, ఆఖరి తారీఖు రాసిన డిశ్చార్జ్ సమ్మరీ పోగొట్టుకోవద్దు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలైంది కానీ అది ఆస్పత్రిలో చేరి చేయించుకునే వైద్యం చుట్టూ కట్టిన పథకం, ఇంటికొచ్చాక మందులు ఎన్ని రోజులకు ఇస్తారో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను డిశ్చార్జ్‌కు ముందే అడగండి.

గద్వాల నుంచి ఒక ఇల్లాలు: మా ఆయన గుండె కవాటానికి ఇన్ఫెక్షన్ వచ్చి మూడు వారాలు ఆస్పత్రిలో ఉన్నాడు. ఇప్పుడు పిక్ లైన్‌తో ఇంటికి పంపుతున్నారు, ఇంకో మూడు వారాలు. నర్సుకు రోజూ ఇచ్చుకునే స్తోమత లేదు. నేను పదో తరగతి దాకా చదివిన. నేనే నేర్చుకుని వేయొచ్చా, నవ్వుతారా?

జవాబు: ఎవరూ నవ్వరమ్మా. చాలా దేశాల్లో రోగులే తమ చేత్తో వేసుకుంటున్నారు, చదువు పదో తరగతా ఎమ్మేనా అని ఎవరూ అడగరు, చేతులు కడుక్కునే ఓపిక ఉందా అని అడుగుతారు. కాకపోతే మామూలు కాన్యులాతో మీరు ఈ పని పెట్టుకోవద్దు, పిక్ లైన్ ఉంది కాబట్టే సరే అంటున్నాను. డిశ్చార్జ్‌కు మూడు రోజుల ముందే వార్డు సిస్టర్‌ను అడగండి. మొదటి రోజు ఆమె చేస్తుంటే మీరు చూడాలి, రెండో రోజు మీరు చేస్తుంటే ఆమె చూడాలి, మూడో రోజు ఆమె నోరు మెదపకుండా నిలబడాలి. సబ్బుతో చేతులు, స్పిరిట్ దూదితో లైను మూతిని పదిహేను సెకన్లు రుద్దడం, అది ఆరేదాకా ఆగడం (ఊదకూడదు, అందరూ ఊదుతారు), ముందు సెలైన్, తర్వాత మందు, మళ్ళీ సెలైన్. సిరంజి 10 మిల్లీలీటర్లదే వాడాలి, చిన్న సిరంజితో తోస్తే ఒత్తిడి ఎక్కువై గొట్టం చిట్లుతుంది. పోకపోతే బలవంతంగా తోయొద్దు, ఆపి ఫోన్ చేయాలి. ఆ చేతికి బీపీ పట్టీ వద్దు, ఆ చేత్తో నీళ్ళ బిందె ఎత్తనివ్వొద్దు, స్నానానికి ముందు పాలిథిన్ చుట్టి టేపు వేయండి, పట్టీ వారానికోసారి సిస్టరే మార్చాలి.

గుండె కవాటం జబ్బు కాబట్టి ఒక షరతు. గద్వాల నుంచి కర్నూలు దగ్గర, అక్కడి గుండె డాక్టరు ఎవరో ముందే ఒకసారి చూపించి పెట్టుకోండి. కొత్తగా ఆయాసం వచ్చినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా, జ్వరం తిరగబెట్టినా సూది సంగతి పక్కన పెట్టి ఆటోనో 108నో ఎక్కండి. ఇంట్లో మొదటి డోసు వేసే రోజు మాత్రం, ఆ ఒక్క రోజుకు డబ్బు ఇచ్చయినా సరే, ఒక నర్సును పక్కన కూర్చోబెట్టుకోండి. ఎలా జరిగిందో నాకు రాయండి.